మాది కందుకూరు, మాకేం ఎండ?

"110 అంటే మన బ్యారన్‌లో ఆకు పసుపు తిరిగాక పెంచే వేడి గదా అబ్బయా!"

మా నాయన మొదటిసారి అమెరికాలోని ఈ ఎడారి ఊరు ఫీనిక్స్ వచ్చిన రోజు, కారులో ముందు సీట్లో కూర్చుని డ్యాష్‌బోర్డు మీద అంకె చూసి అన్న మాట ఇది. మిగతా ఇండియా అంతా సెల్సియస్‌లో మాట్లాడుకున్నా, ఆయన లాంటి పాత పొగాకు రైతుకు ఫారెన్‌హీటే దగ్గర. బ్యారన్ అంటే పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం. అందులో ఆకు పసుపు తిరగడానికి 100 దరిదాపుల్లో ఉంచాలి, ఈనె ఎండాలంటే 160 దాకా తీసుకెళ్ళాలి. రాత్రుళ్ళు లేచి థర్మామీటరు చూసుకుంటూ, కట్టెలు ఎగదోస్తూ నలభై ఏళ్ళు గడిపిన మనిషి. ఆయనకి ఎండ గురించి జాగ్రత్తలు చెప్పడానికి నేనెవర్ని?

మాది కందుకూరు దగ్గర పల్లె. 2022లో జిల్లాలు మార్చినప్పుడు ప్రకాశం నుంచి నెల్లూరులో కలిపారు గానీ, ఎండకు ఆ జీవో అందినట్టు లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయనే సామెతను మేం సామెతగా కాదు, వాతావరణ వార్తగా వింటూ పెరిగాం. అందుకే ఇక్కడికి వచ్చిన కొత్తల్లో ఆఫీసులో వాళ్ళు ఎండ గురించి భయపెడితే నేను కూడా నవ్వి, "మాది కందుకూరు, మాకేం ఎండ?" అన్నాను. ఇక్కడి మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఈ మాట రెంటచింతల వాళ్ళు, రామగుండం వాళ్ళు కూడా తమ తమ ఊళ్ళ పేర్లు పెట్టి అంటుంటారు. ఆ మాట మానేద్దామని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అంకెలు చూస్తే మనం అనేది నిజమే అనిపిస్తుంది. 110 ఫారెన్‌హీట్ అంటే 43 సెల్సియస్. మే నెలలో మన వైపు అది వింతేం కాదు. కానీ 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి వేడి 110కి తగ్గలేదు. ఆ జులైలోనే 16 రోజుల పాటు తెల్లవారుజామున కూడా 90 కిందికి దిగలేదు. నన్నడిగితే అసలు విషయం ఈ రెండో లెక్కలోనే ఉంది. కందుకూరులో ఎంత మండినా సాయంత్రానికి తూర్పు నుంచి సముద్రపు గాలి తిరిగేది. డాబా మీద నాలుగు బిందెల నీళ్ళు కుమ్మరిస్తే పది గంటలకల్లా పక్క వేసుకోవచ్చు. ఫీనిక్స్‌లో పగలంతా తాగిన వేడిని కాంక్రీటు, తారురోడ్డు రాత్రంతా కక్కుతూనే ఉంటాయి. చన్నీళ్ళ కుళాయి తిప్పినా వేణ్ణీళ్ళే వస్తాయి.

సముద్రపు గాలి రాకుండా పడమటి గాలి పట్టుకుంటే ఏమవుతుందో మన జిల్లాకూ తెలుసు. 2015 మేలో ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా పోయారు. ఎక్కువమంది పోయిన జిల్లాల్లో ప్రకాశం ఒకటి. ఎండ అలవాటైన జనమే మరి వాళ్ళంతా.

అలవాటు అన్నది ఊరిపేరుతో వచ్చేది కాదు. ఒళ్ళు వేడికి తట్టుకోవడం నేర్చుకోవడానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఎండ తగలకుండా కొన్ని వారాలు గడిపితే అది పోతుంది కూడా. ఏసీ ఇంట్లోంచి ఏసీ కారులోకి, అక్కణ్ణుంచి ఏసీ ఆఫీసులోకి తిరిగే నేను ఇప్పుడు ఏ లెక్కన కందుకూరోణ్ణి? ఊళ్ళో ఉన్నప్పుడు నన్ను కాపాడింది నా చర్మం కాదు, ఊరి టైమ్‌టేబులు. మార్చి నుంచే ఒంటిపూట బడులు. పొద్దున తొమ్మిదికల్లా చేలో పని ఆపేవాళ్ళు, మధ్యాహ్నం తలుపులేసుకుని పడుకునేవాళ్ళు. ఆ టైమ్‌టేబులు ఇప్పుడు ఫీనిక్స్‌లో పాటిస్తున్నది ఇళ్ళ పైకప్పులు వేసేవాళ్ళు, తోటపని వాళ్ళు. తెల్లారకముందే పని మొదలుపెట్టేస్తారు. మనం మాత్రం కిందటేడు జూన్‌లో సంఘం పిక్నిక్ పదకొండింటికి పెట్టి, వాలీబాల్ ఆడాం. గ్రూపులో ఆ పిక్నిక్ మెసేజ్‌కి సరేనని బొటనవేలు బొమ్మ పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నాయన సంగతికి వస్తాను. ఆయన వచ్చిన మూడో వారం, జులైలో, నేనూ మా ఆవిడా ఆఫీసులో ఉండగా ఇంట్లో ఏసీ ఆగిపోయింది. బయట యూనిట్‌లో కెపాసిటర్ పోయిందని తర్వాత తెలిసింది. కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని నేనే ఎక్కణ్ణుంచో ఆపానేమో అనుకున్నాడట ఆయన. ఫోన్ చేసి అడగడానికి మొహమాటం. ఊళ్ళో చేసినట్టే కిటికీలు తీసి, ఫ్యాను పెంచి కూర్చున్నాడు. గాలి ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు ఫ్యాను చల్లార్చదు, పొయ్యి ఊదే గొట్టంలా పనిచేస్తుంది. నేను నాలుగింటికి వచ్చేసరికి ఒళ్ళు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. నన్ను చూసి, "కట్టెలు వచ్చినయ్యా?" అని అడిగాడు. తడి దుప్పటి కప్పి అంబులెన్సుకి ఫోన్ చేశాం. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు.

2023లో ఫీనిక్స్ ఉన్న మా మారికోపా కౌంటీలో వేడి వల్ల 645 మంది పోయారు. ఎక్కువమంది బయట, నిలువ నీడ లేనివాళ్ళు. కానీ ఇళ్ళలో పోయిన వాళ్ళ వివరాలు చదివితే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. వాళ్ళలో చాలామంది ఇంట్లో ఏసీ ఉంది, అది పనిచేయలేదు.

కోలుకున్నాక నాయనే నాకు తేడా విడమరిచాడు. "మనూళ్ళో ఎండ ఆకు పసుపు తిరిగే దశ. తేమ లోపలే ఉంటది, ఒంటికి జిడ్డుగా తెలుస్తానే ఉంటది. ఇక్కడ కిటికీలు తెరిచి ఆకు ఎండబెట్టే దశ. తేమ ఎటు పోయిందో ఆకుకే తెలీదు." ఇంతకంటే బాగా ఏ డాక్టరూ చెప్పలేదు. మన దగ్గర చెమట కారి విసుగు పుట్టించి నీళ్ళు తాగిస్తుంది. ఎడారిలో అది పట్టీపట్టకముందే ఆరిపోతుంది కాబట్టి దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. అదే పొడిగాలిలో తడి తువ్వాలు మాత్రం మన ఊళ్ళో కంటే ఎంతో బాగా పనిచేస్తుంది.

సంఘాన్ని నేను అడిగేది పెద్దదేమీ కాదు. వేసవి పిక్నిక్‌ని నవంబరుకు మార్చండి. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు పగలు ఒంటరిగా ఉండే ఇళ్ళ జాబితా ఒకటి పెట్టి, మధ్యాహ్నం రెండింటికి ఎవరో ఒకరు ఫోన్ చేసే ఏర్పాటు చేయండి. అడిగే ప్రశ్న "భోజనం చేశారా?" కాదు, "ఇల్లు చల్లగా ఉందా?" అని. బిల్లు గురించి ఎవరూ ఏసీ కట్టేయొద్దని పిల్లలు కాదు, బయటివాళ్ళు చెబితేనే మన పెద్దవాళ్ళు వింటారు. ఇది నా అనుభవం.

తిక్కంతా ఎక్కడుందంటే, పెద్దవాళ్ళు ఇక్కడికి వచ్చేదే ఎండాకాలంలో. మనవళ్ళకు సెలవులు అప్పుడే, పొగాకు వేలం ముగిసి వాళ్ళకు తీరికయ్యేదీ ఆ దరిదాపుల్లోనే. ఈసారి నవంబరులో రమ్మని నాయనకు ఫోన్ చేశాను.

"నవంబరులోనా? నాట్లు నువ్వు వేస్తావా?" అన్నాడు.