జులై 4న అమెరికా ఒక దేశం కాలేదు

ఏటా జులై మొదటి వారంలో వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చక్కర్లు కొడుతుంది. దాని సారాంశం ఇది: "బ్రిటన్ టీ మీద పన్ను పెంచింది. బోస్టన్ జనం మండిపడి, మన దేశం నుంచి వెళ్లిన టీని సముద్రంలో పారబోశారు. 1776 జులై 4న అమెరికాలోని కాలనీలన్నీ ఏకమై, 56 మంది సంతకాలు పెట్టి, ఒకే దేశమయ్యాయి. ఎవరి సాయమూ లేకుండా బ్రిటన్‌ను ఓడించాయి. వాళ్లకు ఒక్క రోజు పట్టింది, మనకు 90 ఏళ్లు." ఇందులో బోస్టన్, టీ, సముద్రం వరకు నిజమే.

ముందు పన్ను సంగతి. 1773 టీ చట్టం కొత్త పన్నేమీ వెయ్యలేదు. పౌను బరువుకు 3 పెన్స్ సుంకం 1767 నుంచే ఉంది. అప్పటికి లండన్ గోదాముల్లో సరుకు పేరుకుపోయి ఈస్టిండియా కంపెనీ అప్పుల్లో ఉంది. బ్రిటన్‌లో కట్టాల్సిన సుంకం దానికి మాఫీ చేసి, మధ్య దళారులు లేకుండా నేరుగా అమెరికాలో అమ్ముకోనిచ్చింది ఆ చట్టం. దాంతో టీ ధర తగ్గింది. తంటా వచ్చింది అక్కడే. డచ్ టీని దొంగచాటుగా దింపే వర్తకుల బేరం పోయింది, కంపెనీ ఏజెంట్లుగా చోటు దక్కని వ్యాపారులకూ దెబ్బ తగిలింది. పైగా చవగ్గా వస్తోందని కొంటే, తమ ప్రతినిధి ఒక్కడూ లేని పార్లమెంటుకు తమపై పన్ను వేసే హక్కుందని ఒప్పుకున్నట్టే కదా!

పారబోసింది డిసెంబరు 16 రాత్రే ఎందుకు? డార్ట్‌మత్ అనే ఓడ నవంబరు 28న బోస్టన్ రేవుకు వచ్చింది. వచ్చిన 20 రోజుల్లో సుంకం కట్టకపోతే కస్టమ్స్ వాళ్లు సరుకు జప్తు చేస్తారు. టీ దించకుండా ఓడ వెనక్కి పోతానంటే గవర్నర్ హచిన్సన్ అనుమతి ఇవ్వలేదు. తెల్లారితే గడువు దాటిపోతుంది. ఆ రాత్రి 3 ఓడల్లోని 342 పెట్టెలు బద్దలయ్యాయి. కంపెనీ లెక్కలో నష్టం 9,659 పౌండ్లు.

ఆ టీ మనది కాదు, చైనాది. అస్సాం టీ లండన్ వేలానికి చేరింది 1839లో.

ఇక సంతకాలు. బ్రిటన్‌తో తెగతెంపులు చేసుకునే తీర్మానం ఫిలడెల్ఫియాలో, కాలనీల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్‌లో జులై 2నే నెగ్గింది. 12 కాలనీలు ఔనన్నాయి, న్యూయార్క్ ఓటు వెయ్యకుండా ఊరుకుంది. 4న ఆమోదించింది స్వాతంత్ర్య ప్రకటన పాఠాన్ని మాత్రమే. ఆ రాత్రి అచ్చయిన ప్రతుల్లో సభ అధ్యక్షుడు జాన్ హాంకాక్, కార్యదర్శి చార్లెస్ థామ్సన్ పేర్లు తప్ప మరెవరివీ లేవు. న్యూయార్క్ 9న ఒప్పుకుంది. తోలు పత్రం మీద అందంగా రాయించమని 19న ఆదేశిస్తే, ఎక్కువమంది దానిపై సంతకం చేసింది ఆగస్టు 2న. మాథ్యూ థార్న్‌టన్ అనే ప్రతినిధి అయితే నవంబరులో చేశాడు.

"కాలనీలన్నీ" అన్న మాటా తప్పే. కలిసినవి 13. క్యూబెక్, నోవా స్కోషియా, రెండు ఫ్లోరిడాలు, జమైకా, బార్బడోస్ బ్రిటన్ వైపే ఉండిపోయాయి. ఆ 13లోనూ రాజు పక్షం వహించి, చివరికి దేశం విడిచిపోయినవాళ్లు సుమారు 60,000 మంది.

సాయం లేకుండా గెలిచారా? తొలి ఏళ్లలో కాల్చిన తుపాకిమందులో అత్యధిక భాగం ఫ్రాన్స్ నుంచి వచ్చిందే. 1777 అక్టోబరులో సరటోగా దగ్గర బ్రిటిష్ సైన్యం లొంగిపోయాక, 1778 ఫిబ్రవరి 6న ఫ్రాన్స్ బాహాటంగా పొత్తు కుదుర్చుకుంది. యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ ఇరుక్కుపోయింది ఎందుకంటే, 1781 సెప్టెంబరు 5న ద గ్రాస్ నడిపిన ఫ్రెంచి నౌకాదళం చెసపీక్ అఖాతం దగ్గర బ్రిటిష్ ఓడలను వెనక్కి తరిమింది. సముద్రం మూసుకుపోతే కోటలో ఉన్నవాడికి తిండీ లేదు, దారీ లేదు. అక్టోబరు 19న లొంగిపోయాడు. ఈ యుద్ధపు చివరి కాల్పులు అమెరికాలో కాదు, 1783 జూన్‌లో మన కడలూరు దగ్గర ఇంగ్లిషు, ఫ్రెంచి సేనల మధ్య జరిగాయి. ఆ కార్న్‌వాలిసే 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. అతను బెంగాల్‌లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802లో ఉత్తర సర్కారు జిల్లాలకూ వచ్చింది. జమీందారీ కష్టాలు తెలిసిన ఇళ్లలో ఈ పేరు కొత్తేమీ కాదు.

అసలు విషయం "ఒకే దేశం". ప్రకటనలో ఉన్నది "స్వేచ్ఛా స్వతంత్ర రాష్ట్రాలు" అనే బహువచనం. తెలుగులో రాష్ట్రమంటే మనకు రాజధానో, జిల్లాలో గుర్తొస్తాయి. అక్కడ ఆ మాటకు రాజ్యమనే అర్థం. 1781 మార్చి 1న అమల్లోకి వచ్చిన సమాఖ్య ఒడంబడిక ప్రకారం కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారమే లేదు, చందా అడిగినట్టు రాష్ట్రాలను అడగాలి. 1782కి 80 లక్షల డాలర్లు అడిగితే ఏడాది చివరికి 5 లక్షలు కూడా రాలేదు. 1783 జూన్‌లో జీతాలందని సైనికులు ఫిలడెల్ఫియాలో సభను చుట్టుముడితే, సభ్యులు ప్రిన్స్‌టన్‌కు మకాం మార్చారు. దిగుమతులపై 5 శాతం సుంకం వేద్దామంటే సవరణకు 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. 1782లో రోడ్ ఐలండ్ ఒక్కటే అడ్డం తిరిగింది. మళ్లీ ప్రయత్నిస్తే 1786లో న్యూయార్క్ చెడగొట్టింది.

అందుకే 1787లో ఫిలడెల్ఫియాలో కూర్చున్నవాళ్లు అందరి సమ్మతి అనే నియమాన్నే పక్కనపెట్టి, 9 రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలని కొత్త రాజ్యాంగంలో రాశారు. తొమ్మిదోది న్యూ హాంప్‌షైర్, 1788 జూన్ 21న. న్యూయార్క్‌లో 30-27తో గట్టెక్కింది. 1789 ఏప్రిల్ 30న వాషింగ్టన్ తొలి అధ్యక్షుడిగా ప్రమాణం చేసేనాటికి లోపలున్నవి 11 రాష్ట్రాలే. రోడ్ ఐలండ్ అప్పటికీ బయటే. దానితో వ్యాపారం నిలిపేసే బిల్లును సెనేట్ నెగ్గించిన కొద్దిరోజులకు, 1790 మే 29న, 34-32 ఓట్లతో అదీ చేరింది.