కుట్టుమిషను ఇచ్చి చేతులు దులుపుకోవడం గురించి

యుద్ధం ఎక్కడ ముగిసినా, భర్తను, ఇంటిని పోగొట్టుకున్న ఆడవాళ్లకు ముందుగా అందేది కుట్టుమిషనే. శ్రీలంకలో 2009లో యుద్ధం ముగిశాక బట్టికలోవా ప్రాంతపు వితంతువులకు మన అహ్మదాబాదుకు చెందిన మహిళా కార్మికుల సంఘం ‘సేవ’ శిక్షణ ఇచ్చింది. కాబూల్‌లోనూ ఇచ్చింది. ఆ శ్రమను నేను తక్కువ చేయడం లేదు. అయితే నరసాపురం పక్కన పుట్టి పెరిగినదాన్ని కనుక, శిక్షణ అనే మాట వినగానే నేర్చుకున్న పనికి ధర ఎవరు కడతారన్న అనుమానం నాకు ముందుగా వస్తుంది.

మా వైపు లేసు అల్లిక పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు పేద ఆడవాళ్లకు బతుకుతెరువుగా నేర్పినది. మా అమ్మమ్మ అరుగు మీద స్తంభానికి ఆనుకుని, ఎడమ చూపుడువేలికి దారం చుట్టుకుని, సూది వంక చూడకుండానే వీధిలో వాళ్లతో మాట్లాడుతూ అల్లేది. దారం ఒరుసుకున్న గీత ఆ వేలి మీద చివరిదాకా పోలేదు. దారం తెచ్చేది ఏజెంటు, డిజైను చెప్పేది ఏజెంటు, కట్టకు ఇంత అని ఇచ్చేదీ అతనే. 1970లలో ఇక్కడ పరిశోధన చేసిన జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఎత్తిచూపినది కూడా ఇదే: విదేశాలకు వెళ్లే సరుకు తయారుచేసేవాళ్లను కార్మికులుగా కాక, తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టారు. 2024లో మా లేసుకు భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే జీఐ ట్యాగు) వచ్చిందని పేపర్లో చూసి, మా వీధిలో అల్లేవాళ్లు కట్ట రేటు పెరుగుతుందా అని అడిగారు. పెరుగుతుందని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు, భర్త వదిలేసిన మా మేనత్త అక్కడ ఒక ఇంట్లో వంట చేస్తోంది. జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి విమానాల్లో తిరిగివచ్చిన సుమారు లక్షా డెబ్బై వేల మంది భారతీయుల్లో ఆమె ఒకతె. ఆరు నెలల జీతం అక్కడే ఉండిపోయింది. కొన్నాళ్లకు ఆమెను మూడు నెలల కుట్టు శిక్షణలో చేర్చుకుని చివర్లో మిషను ఇచ్చారు. ఆమెకు ఎనిమిదో ఏట నుంచే లేసు వచ్చు, పదిహేను మందికి వండిపెట్టడం వచ్చు, అరబ్బీలో బేరమాడడం వచ్చు. ‘‘నీకేం వచ్చునని ఒక్కరూ అడగలేదే అమ్మాయ్, జాకెట్టు కత్తిరించడం రాదని మాత్రం రాసుకున్నారు’’ అనేది. ఒక్క బ్యాచ్‌లోనే ముప్పై మంది జాకెట్లు కుట్టడం నేర్చుకుంటే, చుట్టుపక్కల ఊళ్లలో కుట్టించుకునేవాళ్లు ఆ మేరకు పెరుగుతారా?

రువాండాలో 1994 మారణహోమం తర్వాత బతికి బయటపడిన ఆడవాళ్లు బుట్టలు అల్లారు. ఆ అల్లిక అక్కడ పాతదే. అమెరికాలోని మేసీస్ దుకాణాలు 2005లో ఆ బుట్టలను అమ్మకానికి పెట్టడం వల్ల కొత్త గిరాకీ వచ్చింది. అంతకన్నా ముఖ్యంగా, 1999లో అక్కడ కూతుళ్లకు కొడుకులతో సమానంగా వారసత్వ హక్కు ఇస్తూ చట్టం చేశారు. శిక్షణ గురించి మాట్లాడేవాళ్లు ఈ రెండో సంగతి ఎందుకో ఎత్తరు. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం అంతకు ముందే ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు హక్కు ఇచ్చింది గానీ, 1985 సెప్టెంబరు 5కు ముందు పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. మా మేనత్త పెళ్లి 1983లో అయింది. కాలవ పక్కన మా తాత ఎకరంన్నరలో పాతిక సెంట్లు ఆమె పేర ఉండి ఉంటే, బ్యాంకులో అప్పు పుట్టేది, ఒక హోటలైనా పెట్టుకునేది. ఆమె చేతి చేపల పులుసు తిన్నవాళ్లెవరూ ఈ మాట కాదనరు.

1992లో ఆమె మళ్లీ కువైట్ వెళ్లింది. టిక్కెట్టుకు తక్కువైన డబ్బు ఆ మిషను అమ్మితే సరిపోయింది.