శ్రీ ఆమేన్ గారికి, రేకుల ఇంటి మీది నుంచి

ప్రభువునందు ప్రియమైన ఆమేన్ గారికి,

వందనాలు. మీరు క్షేమమని తలుస్తాను. తలవడమేంటి, పోయిన ఆదివారం చెవులారా విన్నాను కదా. "మొన్నటి గాలిదుమారానికి మన అవ్వ ఇంటి రేకులు లేచిపోయినయి. శనివారం పొద్దున ఎనిమిదింటికి పోయి కప్పుదామా?" అని పాస్టరుగారు మైకులో అనగానే మీరు గోడలు అదిరేటట్టు పలికారు. ఒకసారి కాదు, మూడుసార్లు. కీబోర్డు తమ్ముడు వెనక నుంచి మ్యూజిక్ కూడా ఇచ్చాడు. ఫ్యాన్లు వేడిగాలే తిప్పుతున్న ఆ హాల్లో, ఈ నల్గొండ ఎండాకాలంలో, మీకంత ఊపు ఎక్కడి నుంచి వచ్చిందో.

ఈరోజే ఆ శనివారం. ఎనిమిదింటికి అవ్వ ఇంటి ముందు ఉన్నది నేను, మేస్త్రి, మేస్త్రి సంచి.

తొమ్మిదింటికి గ్రూపులో ఎవరో దండం బొమ్మ పెట్టారు. దాని వెనకే ఇంకో ఇరవై దండాలు. "ప్రేయర్‌లో పెట్టుకున్నాం బ్రదర్" అని ఒకరు. "దేవుని చిత్తమైతే వస్తాను" అని ఇంకొకరు. ఈ మాటకు మా దగ్గర "రాను" అని అర్థం, నెపం మాత్రం దేవుడి మీద. ఒకన్న నిజాయితీగా పెళ్ళి ఉందన్నాడు, ఆయన మీద నాకు కోపం లేదు. రేకుల డబ్బులు కూడా పోగయ్యాయి, అది ఒప్పుకోవాలి. నోట్లు వచ్చాయి, చేతులు రాలేదు.

ఇదంతా సాయంత్రానికి మర్చిపోయేవాణ్ణి, అవ్వ పాలు తేకపోయి ఉంటే.

నలభై మంది వస్తారని నాలుగు లీటర్లు తెప్పించింది. అరుగు మీద పేపరు గ్లాసులు వరసగా బోర్లించి, గాలికి ఎగిరిపోకుండా వాటి మీద పాత చీర ముక్క పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది. పది దాటాక లోపలికీ బయటికీ తిరగడం మొదలుపెట్టింది. "వస్తరు బిడ్డా, ఆమేన్ అన్నరు కదా" అంది. నన్ను అడుగుతున్నట్టు కాదు, నాకే ధైర్యం చెబుతున్నట్టు. పదకొండున్నరకు ఇక పాలు విరిగిపోతాయని అంతా టీ పెట్టేసింది. నేను నాలుగు గ్లాసులు తాగాను, మేస్త్రి ఐదు. మిగిలింది సందులో పిల్లలకు పోసింది. ఆమేన్ గారూ, ఆ మనిషి మిమ్మల్ని పాల డబ్బులు పెట్టి మరీ నమ్మింది.

సిమెంటు రేకు రెండో కొస పట్టుకుని నేను రొప్పుతుంటే మేస్త్రి అడిగాడు, "ఏందన్నా, నలభై మంది అంటివి?"

"ఆమేన్ అన్నారు భాయ్."

"మేం గూడ ఆమీన్ అంటం. అన్నంక పనికి పోతం."

మీ పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియవనుకోకండి. హీబ్రూలో మీ ధాతువుకు గట్టిగా నిలబడటం, నమ్మదగినట్టు ఉండటం అని అర్థం. విశ్వాసానికి ఆ భాషలో ఉన్న మాట కూడా మీ ఇంటిదే. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 27వ అధ్యాయంలో, దేవుని సేవకు పెట్టిన గోత్రం వాళ్ళైన లేవీయులు శాపాలు చదువుతుంటే జనం మిమ్మల్ని 12 సార్లు పలికారు. అక్కడ మీరు చప్పట్లు కారు, ప్రామిసరీ నోటు కింద వేలిముద్ర. పరదేశికి, తండ్రి లేనివాడికి, విధవరాలికి న్యాయం తప్పించేవాడి మీద కూడా అందులో ఒక శాపం ఉంది. దానికీ వేలిముద్ర పడింది. యేసుప్రభువైతే మిమ్మల్ని ముందు పెట్టుకుని మాట మొదలుపెట్టేవాడు. మన బైబిల్లో "నిశ్చయముగా మీతో చెప్పుచున్నాను" అని ఉన్నచోట మూలంలో ఉన్నది మీరే. మేము మిమ్మల్ని చివరికి తెచ్చి, ఇక ఇంటికి పోవచ్చని కొట్టే గంట చేశాం.

మధ్యాహ్నం ఒక పెద్దాయనకు ఫోన్ చేశాను. "రక్షణ విశ్వాసం వల్లనే బ్రదర్, క్రియల వల్ల కాదు. ఎఫెసీ రెండు, ఎనిమిది తొమ్మిది" అన్నాడు. నేను రక్షణ అడగలేదు, నిచ్చెన పట్టుకోమన్నాను. ఆ రెండు వచనాలు మా సంఘంలో పసిపిల్లలకీ నోటికొచ్చు. సత్క్రియల కోసమే మనల్ని చేశాడనే పదో వచనం దగ్గరికి వచ్చేసరికి అందరికీ మతిమరుపు. 1890లో అబ్రహాం ఫ్రీసెన్ ఇదే నల్గొండలో మిషన్ మొదలుపెట్టాడు. రష్యా నుంచి వచ్చిన మనిషి, మెన్నోనైట్లనే క్రైస్తవ శాఖ వాడు. బతుకులో వెంబడించనిది విశ్వాసమే కాదనే జనం వాళ్ళు. ఆయన కూడా అక్కడే కూర్చుని దండం బొమ్మ పంపి ఉంటే సరిపోయేది.

సిగ్గుండాలి నీకు. అవును, నువ్వే. మర్యాద ఎంతసేపు? మా అమ్మ "విన్నవా?" అని కేకేసినప్పుడు "విన్న" అని కూర్చుంటే చీపురుకట్ట లేచేది. "వాడు మాట వినడు" అంటే చెవుడని ఎవరైనా అనుకుంటారా? తెలుగులో వినడమంటేనే చెయ్యడం. వారం వారం రెండు గంటలు వాక్యం విని, నిన్ను గట్టిగా పలికి, చెప్పులు వేసుకుని పోతాం. నువ్వేమో ఏ నోటికైనా అడ్డు చెప్పకుండా వస్తావు.

అయినా నీతో తెగతెంపులు చేసుకోలేను. మా నాయనను మట్టిలో పెట్టిన రోజు నా నోట్లో నుంచి వచ్చిన ఒకే ఒక్క మాట నువ్వు. గట్టు తగాదాతో మా అన్నతో మాట్లాడక రెండేళ్ళవుతోంది. క్షమాపణ మీద ప్రసంగం వచ్చినప్పుడల్లా, ఆయన రెండు వరసల ముందు కూర్చుని ఉండగా, అందరికంటే పెద్దగా నిన్ను పలికేది నేనే. అప్పుడూ వచ్చావు, ఏమీ అనకుండా.

పద్నాలుగు రేకుల్లో ఎనిమిది ఎక్కాయి. పై వరస ఆరు గోడకు ఆనించి ఉన్నాయి. దేవరకొండ దిక్కు మబ్బు పడుతోంది. మా పొట్టి నిచ్చెన పైదాకా అందదు. పొడుగుది మా అన్న ఇంట్లో ఉంది. "తేరాదన్నా, రెండు సందుల అవతలే గదా" అని మేస్త్రి పొద్దున్నే అన్నాడు. నేను విననట్టు బోల్టులు లెక్కపెడుతూ కూర్చున్నాను.