రిబ్బన్ల దొంగ

వుడ్‌ర్యాట్ అంటే మన పందికొక్కు అనుకునేరు, కాదు. పెద్ద కళ్ళు, పెద్ద చెవులు, మెత్తటి బొచ్చు, పావుకిలో బరువు, చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది, బుద్ధే దొంగబుద్ధి. కాలిఫోర్నియా ఓక్ అడవుల్లో పుల్లలన్నీ పోగేసి ఒక్కోసారి మనిషెత్తు ఇల్లు కట్టేస్తుంది, అందులో పడగ్గది వేరే, ఓక్ కాయలు దాచుకునే కొట్టు వేరే, దొడ్డికి వేరే. పైగా పురుగులు రాకుండా పక్క చుట్టూ ఘాటైన బే ఆకులు కొరికి పెట్టుకుంటుంది. నేనుండే షేరింగ్ రూమ్‌లో ఇవేమీ లేవు.

వీటి మీద రీసెర్చే మా పని. సాయంత్రం దాని ఇంటి చుట్టూ అల్యూమినియం బోన్లు పెట్టాలి, లోపల ఓట్స్, పీనట్ బటర్, చలికి గుప్పెడు దూది (మనకి స్వెటర్ మనమే కొనుక్కోవాలి), పొద్దున్నే వెళ్ళి పడినదాన్ని గుడ్డ సంచిలోకి దింపి, తూచి, చెవికి నంబరు బిళ్ళ వేసి అక్కడే వదిలేయాలి. బోను ఎక్కడుందో తెలియాలిగా, పక్క కొమ్మకి గులాబీరంగు రిబ్బన్ కడతాం.

ఆరోజు వెళ్తే ఒక్క రిబ్బనూ లేదు. చీకటి, చుట్టూ పాయిజన్ ఓక్, తగిలితే రోజుల తరబడి గోక్కోవడమే.

"కట్టావా తమ్ముడూ?" అన్నాడు మా సీనియర్.

"ఒట్టు అన్నా, అన్నిటికీ కట్టా."

కొమ్మ కింద వెతికితే ఒక ఓక్ కాయ దొరికింది. ఇవి నోట్లో ఉన్నది పడేసి నచ్చింది పట్టుకెళ్తాయి, అందుకే వీటికి ట్రేడ్ ర్యాట్ అని పేరు. జేబులో వేసుకున్నా.

ఇంతలో పొదలో గలగలగల. ర్యాటిల్ స్నేక్! అన్నా అని అరిచి వెనక్కి తిరిగేసరికి అన్న అప్పటికే కారు దగ్గరున్నాడు, సీనియారిటీ అంటే అదే మరి. తీరా చూస్తే పాము లేదు, ఏమీ లేదు, కోపమొస్తే వుడ్‌ర్యాట్ తోక టపటపలాడిస్తుంది, బోనులోంచి కాబట్టి ఇంకా మోగింది. చెవికి బిళ్ళ ఉంది, పాత కస్టమరే, రోజూ వచ్చి తిని దూదిలో పడుకుని పోయే రకం. రిబ్బన్లన్నీ ఇంటికి చేర్చేసి తీరిగ్గా టిఫిన్‌కి వచ్చినట్టుంది, పుల్లల మధ్య గులాబీరంగు కనబడుతూనే ఉంది.

లాగబోతే అన్న ఆపాడు, "ఇల్లు చెదురుద్ది రా, వదిలెయ్."

కొత్త రోల్ కావాలని ఫారం నింపా, పాతది ఏమైంది అన్న గడిలో 'ఎలుక తీసుకెళ్ళింది' అని రాస్తే ఆఫీసావిడ తిప్పి పంపింది, రసీదు జతచేయాలంట. ఓక్ కాయని టేప్‌తో అంటించి ఇచ్చా.