జిల్లాకు హెచ్చరిక సరే, వంకకు ఏదీ?

ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాయంటే తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఫోన్లు హెచ్చరికలతో మోగుతూనే ఉంటాయి. ‘జిల్లాలో అక్కడక్కడా భారీ నుంచి అతి భారీ వర్షాలు’ అన్నది వాటి సారాంశం. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం. ఇది వాతావరణ శాఖ కొలబద్ద. కలెక్టరేట్లలో కంట్రోల్ రూములు తెరవడానికి, బడులకు సెలవివ్వడానికి ఆ లెక్క చాలు. తిరుపతిలో కొండపాదాన ఉన్న కపిలతీర్థం దిగువ వీధుల్లో కాపురముండేవారికి మాత్రం చాలదు. కొండ మీద ఈ గంటలో ఎంత కురిసింది, ఆ నీరు తమ గుమ్మంలోకి ఎప్పుడు దిగుతుంది అన్నదే వారి ప్రశ్న.

కొండపాదాన ఉన్న ఊళ్ల తీరే వేరు. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి మైదానం మీద సాఫీగా సాగి, శేషాచలానికి తగిలి పైకి లేస్తుంది. లేచిన గాలి చల్లబడి అక్కడే కుమ్మరిస్తుంది. కింద తుంపర పడుతున్న వేళ తిరుమలలో కుండపోత కావచ్చు. నగరంలోని వర్షమాపకాన్ని నమ్ముకుంటే అది చివరిదాకా ‘తేలికపాటి వాన’ అనే చెబుతుంది. చదరపు కిలోమీటరు కొండ మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే కోటి లీటర్ల నీరు. 10 చదరపు కిలోమీటర్ల మీద 10 సెంటీమీటర్లు పడితే 100 కోట్ల లీటర్లు. అందులో సగం నేలలో ఇంకిందనుకున్నా, మిగిలిన 50 కోట్ల లీటర్లు నిటారు వాలు మీదుగా ఒకటి రెండు వంకల్లోకి, అంటే కొండవాగుల్లోకి, దూకుతాయి. అసలు ఆ నేల ఇంకించుకునే స్థితిలో ఉందా అన్నది ఇంకో ప్రశ్న.

2021 నవంబరు మనకు చూపించింది అదే. ఆ నెల 11న చెన్నై సమీపంలో ఒక వాయుగుండం తీరం దాటింది. నేల నానింది, చెరువులు నిండాయి. 19న మరొకటి దాటింది. ఘాట్ రోడ్లపై కొండచరియలు విరిగిపడ్డాయి, స్వర్ణముఖి ఒడ్డున ఇళ్లు కూలాయి, శ్రీవారి మెట్టు దారి ధ్వంసమై 2022 మే దాకా తెరుచుకోలేదు. వాన వెలిసిన తర్వాత కూడా రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని దిగువ గ్రామాలను ఖాళీ చేయించాల్సి వచ్చింది. రెండోసారి వచ్చిన వాన ఎంత అన్నది ఒక్కటే కొలిస్తే ఈ నష్టం అర్థం కాదు. మొదటి వానకు నేల ఎంత తడిసి ఉందో కూడా లెక్కలోకి రావాలి.

ఆ లెక్క కట్టే పద్ధతి మన దగ్గర లేకపోలేదు. ఆకస్మిక వరదల ముప్పును చిన్న చిన్న పరీవాహకాల (ఒక వాగులోకి వాననీరు చేరే ప్రాంతాల) వారీగా 6 గంటలు, 24 గంటల ముందు సూచించే దక్షిణాసియా వ్యవస్థను వాతావరణ శాఖ 2020 నుంచి నడుపుతోంది. శ్రీహరికోటలో డాప్లర్ రాడార్ ఉంది. అయితే రాడార్ చూసేది మేఘాన్ని. లోయలో నేలకు ఎంత చేరిందో చెప్పాల్సింది అక్కడి వర్షమాపకమే. కాబట్టి వంకలు పుట్టే చోట, కొండ పైనే, పావుగంటకోసారి లెక్క పంపే వర్షమాపకాలు కావాలి. ఏ వంకకు గంటలో ఎంత వాన పడితే ఏ వీధి మునుగుతుందో పాత అనుభవంతో ముందే తేల్చి పెట్టుకోవాలి. ఈ పని ఢిల్లీలోనో అమరావతిలోనో కూర్చుని చేసేది కాదు. నగరపాలక, జలవనరుల, అటవీ శాఖలు, తిరుమల తిరుపతి దేవస్థానం ఒకే బల్ల చుట్టూ చేరాలి. చేరతాయా అన్నది మా అనుమానం.

చిన్న పరీవాహకాల అంచనాలు తప్పడం కూడా ఎక్కువే. నాలుగుసార్లు సైరన్ మోగితే రెండుసార్లు వంక పారకపోవచ్చు. దానికి అధికారిని నిలదీస్తే, ఐదోసారి ఆయన నోరు మెదపడు. హెచ్చరిక వృథా అయిన రోజున ఎగతాళి శీర్షికలకు దిగడం పత్రికలకూ తగదు.

కాలువలను, చెరువుల మరవలను (నిండిన నీరు పొర్లిపోయే దారులను) మూసి కట్టిన ఇళ్ల సంగతి మళ్లీ చెప్పనక్కరలేదు. నీటికి దారి లేకపోతే ఎంత మంచి అంచనా అయినా పారిపొమ్మని చెప్పడానికే పనికొస్తుంది. ముందుగా, సులువుగా చేయగలిగింది ఒకటుంది. వాన ముదిరితే నీళ్లు నిండే రైల్వే అండర్ బ్రిడ్జిని ఎవరు మూయాలి, పైనుంచి ఆదేశం కోసం ఎదురుచూడకుండా మూసే అధికారం ఎవరికుంది? ఆ ఉద్యోగి హోదా, ఫోను నంబరు సెప్టెంబరు ముగిసేలోగా ప్రతి అండర్ బ్రిడ్జి గోడ మీద రాయించాలి.