మా ఇంటి మడతపేచీ

నాగరికత అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఇకమీదట నేను తడుముకోను. ఒక వస్తువు ఒకే పని చేసి ఊరుకుంటే అది అనాగరికం. మంచం ఇరవైనాలుగ్గంటలూ మంచంలాగే పడి ఉండి, బల్ల బల్లలాగే నిలబడి ఉంటే ఆ ఇల్లు ఇంకా వెనకబడే ఉందన్నమాట. మాది ముందుకు వెళ్ళిన ఇల్లు. ఎంత ముందుకంటే, వీధి గుమ్మంలోంచి పది అడుగులు వేస్తే బాల్కనీలో తేలతాం.

బెజవాడ సత్యనారాయణపురంలో, మూడో అంతస్తులో, మాకు 1050 అడుగుల ఫ్లాటు ఉంది. ఉంది అంటే కాగితం మీద ఉంది. ఫ్లాట్లు కట్టి అమ్మేవాళ్ళను అదుపులో పెట్టడానికి 2016లో వచ్చిన రెరా చట్టం ఒక పాడుపని చేసింది. కార్పెట్ ఏరియా అంటే బయటి గోడలు, బాల్కనీ, పైపులు దిగే షాఫ్టులు పోను లోపల వాడుకోగలిగిన చోటు అని నిర్వచనం రాసిపెట్టింది. లోపలి అడ్డగోడలను మాత్రం కలుపుకోవచ్చట. ఆ ముక్క చదివి ఊరుకోకుండా నేను టేపు పట్టుకుని కొలిచాను. 730 వచ్చింది. మిగతా 320 అడుగులూ గోడల్లోనూ, మెట్లమీదా, లిఫ్టులోనూ ఉన్నాయి. అవీ మనవే. కానీ మెట్లమీద మంచం వేసుకుంటానంటే అసోసియేషన్ ఊరుకోదు.

అందుకని గోడమంచం చేయించాం.

దీనికి ఆద్యుడు విలియం మర్ఫీ అనే అమెరికా ఆయన. వందేళ్ళకు పైమాటే. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒంటిగదిలో ఉండేవాడట. ఒక గాయనిని ఇంటికి పిలవాలనుకున్నాడు. మంచం కనిపించే గదిలోకి మర్యాదస్తురాలు రాకూడదు గనక మంచాన్నే గోడలోకి మడిచేశాడని కథ చెబుతారు. మర్ఫీ బెడ్ అన్న పేరు ఎంతగా జనం నోళ్ళలో నానిందంటే, 1989లో అక్కడి కోర్టు అది ఒక కంపెనీ సొత్తు కాదు, అందరూ వాడుకునే మాటేనని తేల్చేసింది. అంతా బాగానే ఉంది. మర్ఫీ ఒంటరివాడన్న సంగతి మాత్రం మనవాళ్ళెవరూ పట్టించుకోలేదు. మేం నలుగురం.

మా తాతయ్య కూడా పొద్దున్నే నులక మంచం ఎత్తి గోడకు నిలబెట్టేవాడు. బట్టలకు చిలక్కొయ్య, పెరుగుకు ఉట్టి, పనికిరానివాటికి అటక. నగానట్రా భోషాణంలో, పడక భోషాణం మీద. అయితే వీటిలో దేనికీ రిమోటు లేదు, ఈఎంఐ లేదు. కాబట్టి లెక్కలోకి రావు.

మా వడ్రంగి వచ్చి గోడను వేలితో టకటక కొట్టి చూశాడు. "ఇది నాలుగున్నరంగుళాల గోడ సార్. దీనికి తగిలిస్తే మంచం నిలబడుద్దిగానీ గోడ నిలబడదు" అన్నాడు. తొమ్మిదంగుళాల గోడ హాల్లో ఉత్తరం వైపున ఒక్కటే ఉంది. అక్కడే బిగించాం. బిగించాక సిద్ధాంతిగారు వచ్చి, ఉత్తరానికి తల పెట్టి పడుకోవడమేమిటని చెవులు మూసుకున్నారు. ఇప్పుడు కాళ్ళు గోడవైపు, తలలు హాలు నడిమధ్యకూ పెట్టి పడుకుంటున్నాం. రాత్రి మంచినీళ్ళకు లేచినవాళ్ళు మా తలల పక్కనుంచి జాగ్రత్తగా వెళతారు. ఒకటి రెండుసార్లు జాగ్రత్తగా వెళ్ళలేదు.

మంచాన్ని పైకి లేపడానికి రెండు పక్కలా గ్యాస్ స్ప్రింగులు ఉంటాయి. మంచం బరువు, పరుపు బరువు లెక్కేసి దానికి తగ్గ బలమున్నవి వేయాలి. మా వడ్రంగి బూరుగు దూది పరుపు ఉంటుందనుకుని వేశాడు. మా ఆవిడ తేలిగ్గా ఉంటుందని ఫోము పరుపు కొన్నది. ఇద్దరం పడుకుంటే మంచం బుద్ధిగా ఉంటుంది. నేను ఒక్కణ్ణి లేస్తే మాత్రం మా ఆవిడ జానెడు పైకి వెళుతుంది. "ఏవండీ, లేచేముందు చెప్పి లేవండి" అన్న మాట మా దాంపత్యంలో కొత్తగా చేరింది. శాస్త్రీయంగా చూస్తే ఇది అన్యోన్యత.

భోజనం బల్ల కూడా గోడకు మడుచుకునేదే. మంచం పరవాలంటే బల్ల మూయాలి. బల్ల మూయాలంటే మావాడు హోంవర్కు ముగించాలి. వాడు ముగించడు. ప్లాట్‌ఫామ్ ఖాళీ లేక ఔటర్లో ఆగిపోయిన రైల్లాగా మా అమ్మ దిండు చంకలో పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంటుంది. చిన్నగదిలోకి వెళ్ళు అమ్మా అంటే, ఏప్రిల్ దాటాక వెళ్ళదు. ఎండాకాలం బెజవాడలో ఇంటి విస్తీర్ణం ఏసీ గాలి తగిలినంత మేరే. మా ఏసీ పెద్దగదిలో ఉంది, తలుపు తీసిపెడితే హాలు దాకా కాస్త వస్తుంది. మే నెలలో మా 730 అడుగుల్లో 500 అడుగులు ఉత్తవే.

పెద్దగదిలో ఉన్నది హైడ్రాలిక్ మంచం. దాని పొట్ట నిండా సామాను పడుతుందని షాపులో చెప్పారు. అబద్ధం కాదు. పెళ్ళినాటి ఇత్తడి బిందెలు, సంక్రాంతి కొలువుకు పెట్టే కొండపల్లి బొమ్మలు, టీవీ వచ్చిన అట్టపెట్టె (గ్యారంటీ ఎప్పుడో అయిపోయింది, పెట్టెకు కాదుగా), 2016 కృష్ణా పుష్కరాలకు కొన్న డజను చెంబులు. చెంబులు పారేద్దామంటే అమ్మ ఒప్పుకోదు. 2028లో మళ్ళీ పుష్కరాలు వస్తాయి, అప్పుడు ఎక్కడ వెతుక్కుంటావ్ రా అంటుంది. ఇంట్లో ఉన్న మూడు చాపలూ, అదనపు దుప్పట్లూ అందులోనే.

ఇక మడతపడుతుంది కదా అని కొన్నవి వేరే ఉన్నాయి. ఆరు మడత కుర్చీలు, ఇస్త్రీ బల్ల, బట్టలారేసే స్టాండు, ట్రెడ్‌మిల్. మడిచాక ఒక్కోటీ బెత్తెడో జానెడో. ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నే రాలేదు. గోడమంచం పగలంతా మూసే ఉంటుంది కదా, దాని ముందు వరసగా ఆనించాం.

ఆ మంచం తెరవాలంటే ఎదురుగా ఆరున్నర అడుగుల నేల ఖాళీగా ఉండాలి. ఈ ఒక్క వాక్యం ప్రకటనల్లో ఉండదు. ఆ ఖాళీని మనం అద్దెకివ్వకూడదు, అలంకరించకూడదు, ట్రెడ్‌మిల్‌కు అసలే చూపించకూడదు. నది అవతల ఉండవల్లి గుహల్లో అనంతపద్మనాభస్వామి ఒకే రాతిలో ఎంత నిబ్బరంగా కాళ్ళు చాపుకుని ఉంటాడో చూశారా? ఆయన మంచం కూడా చుట్టచుట్టుకునే రకమే. కానీ తన మడతలు తనే చూసుకునే మంచం దొరికింది ఆయనకు.

మొన్న పెళ్ళిళ్ళ సీజన్లో నరసరావుపేట నుంచి మా బావమరిది సకుటుంబంగా దిగాడు. "గోడమంచం చేయించావటగా, ఏదీ చూపించు బావా" అంటూ వచ్చాడు. చూపించాను, మూసి ఉన్నది. ప్రయాణం చేసి వచ్చారని వాళ్ళ నలుగురికీ ఏసీ గది ఇచ్చాం. మా ఆవిడ, అమ్మ, మావాడు చిన్నగదిలో సర్దుకున్నారు. పదకొండు గంటలకు నేను ట్రెడ్‌మిల్‌ను జరపబోయాను. రోజూ రాత్రి జరిపే పెద్దగదిలో చుట్టాలున్నారు. ఇక ఎక్కడ పెట్టాలి? కారిడార్‌లో పెడితే జరిమానా. చాప వేసుకుందామంటే చాపలు హైడ్రాలిక్ మంచంలో ఉన్నాయి, మంచం మీద బావమరిది ఉన్నాడు.

కిందికి దిగి వాచ్‌మన్ తలుపు కొట్టాను. మేడమీద పడుకుంటాను, మేడ కూడా మనదే, ఓ చాప ఉంటే ఇవ్వమన్నాను.

"మీకూ మంచం తెరుచుకోలేదాండి?" అన్నాడతను. రెండో అంతస్తు సారుకు రెండు, అయిదో అంతస్తు వాళ్ళకు నాలుగు ఇచ్చేశాడట. లోపలికి వెళ్ళి వాళ్ళావిడ వేసుకున్న ఈతచాపే చుట్టి తెచ్చాడు.

"పొద్దున్నే ఇచ్చెయ్యండి సార్. చుట్టి ఇవ్వండి. మడతపెట్టమాకండి, విరిగిపోద్ది."