శ్రీ శిలాతోరణం వారి దివ్య సముఖానికి

చైనాలో అన్హుయి రాష్ట్రం, షెషియెన్ దగ్గర టాంగ్యుయే ఊరి బాట మీద వరసగా నిలుచున్న ఏడుగురిలో, 1767లో ఒక వితంతువు పాతివ్రత్యానికి మెచ్చి కట్టిన తమరికి నమస్కారాలు.

మధ్యాహ్నమంతా ఎండలో తమరికి ప్రదక్షిణలు చేసినా ఒక్క సందేహం తీరలేదు. ఆవిడ పేరేంటండీ? రాతి మీద ఉన్నది బావో వెన్‌యువాన్ రెండో భార్య, వూ వారి ఆడపడుచు అని. మొగుడి పేరు మాత్రం పూర్తిగా ఉంది.

పనితనానికి వంక పెట్టం. వడ్రంగి పద్ధతిలోనే స్తంభానికి గాడి తొలిచి, దూలం మొనను అందులో దిగేశారు. తోరణానికి వెడల్పే గానీ లోతు ఉండదు, ముందుకో వెనక్కో ఒరిగే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే స్తంభాల మొదట్లో అటూ ఇటూ ఆసరా రాళ్లు. రాయి బరువు మోస్తుంది గానీ వంగదు, దూలం పొడవు పెరిగితే నడుమ చిట్లుతుంది. పునాది ఒక పక్క కుంగితే అతుకులు విడతాయి, వాటిలో చేరిన నీరు చలికి గడ్డకట్టి పగులును ఇంకా తెరుస్తుంది. ఇవన్నీ ఆలోచించినవాళ్లకి ఒక ఆడమనిషి పేరుకి చోటు దొరకలేదు. మేస్త్రీలను అనడం లేదు లెండి, చెక్కమన్నది చెక్కారు.

తమరి దయకి అర్హత కూడా చూశాం. 1368 నాటి మింగ్ రాజవంశపు ఆజ్ఞ ప్రకారం ముప్పై నిండకముందే మొగుడు పోవాలి, యాభై దాటేదాకా మళ్లీ పెళ్లాడకూడదు. ఆవిడ అలా ఉంటే వెట్టి మాఫీ ఎవరికి? ఇంటివాళ్లకి! ఆ తర్వాతి చింగ్ రాజవంశం కాలంలో తోరణం కట్టుకోమని సర్కారు 30 లియాంగ్‌ల వెండి ఇచ్చేది, అంటే కిలో పైచిలుకు. ఆవిడ జీవితం ఖరీదు అదన్నమాట.

షెషియెన్ పట్నంలో 1584 నాటి మంత్రి షూ గువో గారి తోరణం ఉంది. అందరికీ రెండు, మహా అయితే నాలుగు స్తంభాలు. ఆయనకి ఎనిమిది. అదీ బతికుండగానే. పేరు సంగతి చెప్పాలా?

అదే పట్నంలో 1905లో ఇంకో తోరణం లేచింది. ఈ ప్రాంతపు పతివ్రతలు 65,078 మందికి కలిపి ఒక్కటి. రాయి కూడా కాదు, ఇటుక. లెక్క చివరి అంకె దాకా రాసుకున్నారు కదా, అంత ఓపిక ఉన్నవాళ్లకి పేర్లు అడగడానికి నోరు రాలేదా? సిగ్గుండాలి.

ఇట్లు,
ఫలానా వారి రెండో కోడలు